గట్టు మీది మనసు గల్లా కాడ ఎందుకు ఉంటలేదు?

హాలియా కిరాణం:
11 ఏండ్ల సంది అమాస అమాసకు చెరువుగట్టు గుడికి పోతున్న. రాత్రి గట్టు మీదనే పండుకొని, జడల రామలింగేశ్వర స్వామికి మొక్కి, పొద్దుగాల వచ్చి కొట్టు తెరుస్త. మనసు తేలికైతది. నేను మంచోణ్ణే అనుకున్న.

పోయిన నెల మా 8 ఏండ్ల బిడ్డ ఇంట్ల దుకాణం ఆట ఆడుతుంది. తమ్ముడు సబ్బు అడిగితే తల ఎత్తలే. నోటుబుక్కుల వేలు పెట్టి చూసుకుంటనే "పాతది కట్టినవా?" అన్నది. సబ్బు చేతికియ్యలే, బల్ల మీదికి నూకింది. ఆ గొంతు నాదే. ఉద్దెరకు వచ్చే ఒక అవ్వతోని నేను మాట్లాడే తీరు అది.

అప్పటిసంది నన్ను నేను చూసుకుంటున్న. కారు దిగి వచ్చే కాంట్రాక్టరుకు లేచి నిలబడుత, అవ్వ దిక్కు మొఖం గూడ తిప్ప. ఆమె బాకీ 430 రూపాయలే. అయినా ఆమె గడప కాడికి రాంగనే గుండె కాడ ఏదో బిగుసుకుంటది. తెలిసినంక గూడ మళ్ల అదే చేస్తున్న. ఇట్ల చూసుకునుడు సాధనేనా, ఉత్త బాధనా?

పాలమూరు టీచరమ్మ:
తమ్మీ, నేను బడిల మార్కులొచ్చే పిల్లలను పేరు పెట్టి పిలిచేదాన్ని, వెనుక బెంచోళ్లను "ఏయ్, నువ్వే" అని. రిటైరైనంక ఒక పిల్లగాడు బస్సుల సీటిచ్చి, "నా పేరు యాదికున్నదా మేడం?" అన్నడు. లేదు. ఆ రాత్రంత నన్ను నేను తిట్టుకున్న. తెల్లారినంక అర్థమైంది, ఆ తిట్లల్ల గూడ నేనే ఉన్న, ఆ పిల్లగాడు లేడు. నువ్వు తిట్టుకోకు. ఆమె దిక్కు చూడు.

సాగర్ కాలువ:
అన్నా, నేను నాగార్జునసాగర్ హిల్ కాలనీల విపశ్యన ధ్యాన కేంద్రంల 10 రోజులు మౌనంగ కూసున్న. పొద్దుగాల 4కు గంట కొడతరు, ఫీజు లేదు. ముందుగాల శ్వాసనే చూడుమంటరు, తర్వాత ఒంట్ల ఏమైతుందో చూడుమంటరు. నీకు గుండె కాడ బిగుసుకుంటది చూడు, దాన్నే పట్టుకో. కోపం నోటికి రాకముందే ఒంట్ల తెలుస్తది. నాకైతే ఇంటికొచ్చిన మూడో రోజే కండక్టరుతోని లొల్లి అయింది. గొంతు లేచినంక గాని తెలువలే. ఇప్పుడు జర ముందుగాల తెలుస్తుంది, అంతే.

మిర్యాలగూడ:
ఉద్దెర వసూలు చెయ్యకుంటే కొట్టు మూసుకోవాలె. గింత ఆలోచన ఎందుకు?

హాలియా కిరాణం:
వసూలు చేస్తనే ఉన్న అన్నా. నా బాధ అడిగే తీరు గురించి.

ఇయ్యాల అవ్వ నూనె పాకెట్‌కు వచ్చింది. గొంతు గట్టిగనే లేచింది గని సగం మాటల నాకే ఇనవడ్డది. ఆగి, తల ఎత్తి చూసిన. నల్లద్దాలు పెట్టుకున్నది. కంటి ఆపరేషన్ అయిందట. ఎప్పుడని అడిగితే 20 రోజులాయె అన్నది. ఈ 20 రోజులల్ల ఆమె నా కొట్టుకు పది మాట్లన్న వచ్చి ఉంటది.