ఫైబర్ ఉన్న పిల్లలకూ లేని పిల్లలకూ ఒకే పాఠం ఎలా అందించాలి?

విశాఖపట్నం ఎం.వి.పి. కాలనీ నుంచి రాస్తున్నాను. ఇంటర్ భౌతికశాస్త్రం పాఠాలను వీడియోలుగా తీసి మా సొంత వెబ్‌సైటులో పెడుతున్నాం. ఇన్నాళ్లూ అన్నీ 480పీ అనే తక్కువ స్పష్టతలోనే ఇచ్చాం. నగరంలో ఫైబర్ కనెక్షన్లు పెరిగాక, బోర్డు మీద సమీకరణాలు మసకగా ఉన్నాయని పిల్లలు అంటున్నారు. వాళ్లు అడుగుతున్నది న్యాయమే. అయితే పాడేరు, చింతపల్లి వైపు పిల్లలకు మొబైల్ సిగ్నలే దిక్కు. వాళ్లను వదిలేసి నాణ్యత పెంచడానికి నాకు మనసు ఒప్పదు.

హెచ్‌ఎల్‌ఎస్ పద్ధతి గురించి చదివాను. యాపిల్ 2009లో తెచ్చిన ఈ పద్ధతిలో ఒకే వీడియోను 360పీ, 720పీ, 1080పీగా తయారుచేసి, కొన్ని సెకన్ల ముక్కలుగా ఉంచుతారు. వేగాన్ని బట్టి ప్లేయరే తగిన ముక్కను ఎంచుకుంటుంది. కదలిక తక్కువగా ఉండే బోర్డు పాఠాలకు ఒక్కో స్థాయిలో ఎంత బిట్‌రేటు (సెకనుకు పంపే డేటా) సరిపోతుంది? వీడియోను కుదించే కొత్త పద్ధతి హెచ్.265తో ఫైలు చిన్నదవుతుంది, సరే. పాత ఫోన్ల కోసం దానికి ముందు తరం హెచ్.264 కాపీ కూడా ఉంచాలా?

నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నది సర్వరు. రాత్రి భోజనాలయ్యాక అందరూ ఒకేసారి చూస్తారు. 300 మంది సెకనుకు 4 మెగాబిట్ల చొప్పున లాగితే 1,200 మెగాబిట్లు. మా సర్వరు లింకు 1,000 దగ్గరే ఆగిపోతుంది. ఇళ్లలో వేగం పెరిగేకొద్దీ భారం మా వైపు పెరుగుతోంది. వీడియోల కాపీలను చాలా చోట్ల సర్వర్లలో ఉంచి, చూసేవారికి దగ్గరి నుంచి అందించే సీడీఎన్‌కు మారడం తప్పదా? మారితే, హైదరాబాద్ లేదా చెన్నైలో సర్వర్లున్న సంస్థనే ఎంచుకోవాలా? ఇలాంటి చిన్న సేవను నడిపినవారు నెల ఖర్చుతో సహా చెబితే ఎంతో మేలు చేసినవారవుతారు.