అజ్ఞాత సైనికులా, గుర్తుతెలియని సైనికులా?

మా తమ్ముడు వర్జీనియాలో ఉంటాడు. మొన్న అమ్మానాన్నల్ని ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికకి తీసుకెళ్ళి, అమెరికా అంతర్యుద్ధంలో (ఉత్తరాది, దక్షిణాది రాష్ట్రాల మధ్య జరిగింది) చనిపోయిన సైనికుల సమాధి ఫొటో పంపాడు. రాయి మీద ఏముందో నాన్నకి తెలుగులో కావాలట. నేను మొదలుపెట్టింది ఇలా: "ఈ రాతి కింద 2,111 మంది అజ్ఞాత సైనికుల ఎముకలు ఉన్నాయి. యుద్ధం ముగిశాక బుల్ రన్ పొలాల నుంచి, రాపహానక్ నదికి వెళ్ళే దారి నుంచి వీటిని ఏరి తెచ్చారు." చివర్లో 1866 సెప్టెంబరు అని ఉంది. "అజ్ఞాత" సరిపోతుందా, "అనామక" అననా?

— అజ్ఞాత వద్దండీ. పాండవుల అజ్ఞాతవాసం దగ్గర్నుంచి "ఫలానా నాయకుడు అజ్ఞాతంలోకి వెళ్ళాడు" దాకా, ఆ మాటలో తానే దాక్కున్నాడనే అర్థం వచ్చేసింది. పాపం వీళ్ళెక్కడ దాక్కున్నారు! అనామక చక్కగా ఉంటుంది.

— అనామక అసలు కుదరదు. రాయి మీద తరవాతి వాక్యం కూడా చదవండి. ఎముకలు ఎవరివో గుర్తించలేకపోయాం, కానీ వాళ్ళ పేర్లూ మరణాలూ దేశపు రికార్డుల్లో ఉన్నాయి అని దాని భావం. అంటే పేర్లు ఉన్నాయి, ఎముకలూ ఉన్నాయి, ఏది ఎవరిదో కలపలేకపోయారు. అప్పట్లో సైన్యం గుర్తింపు బిళ్ళలు ఇచ్చేది కాదు. కొందరు యుద్ధానికి ముందు కాగితం మీద పేరు రాసి కోటుకి గుచ్చుకునేవారు. అందుకని మన పేపర్లలో రోజూ కనిపించే "గుర్తుతెలియని" అన్నదే ఇక్కడ కరెక్ట్. గుర్తు పోయింది, పేరు పోలేదు.

— "గుర్తుతెలియని" అంటే నాకు వెంటనే "గుర్తుతెలియని వాహనం ఢీకొని" గుర్తొస్తోంది. సమాధి రాతి మీద ఆ మాటా?

— నిజమే, పోలీసు వాసన కొడుతుంది. "గుర్తుపట్టలేకపోయిన" అంటే కొంత తగ్గుతుంది. ఇంకో సంగతి. వీళ్ళని ఆ శాసనం అమరవీరుల సేనలో చేరుస్తుంది. అది ఉత్తరాది ప్రభుత్వం పెట్టిన రాయి. కానీ గుర్తుపట్టలేని ఎముకల్లో దక్షిణాది సైనికులవీ కలిసి ఉండొచ్చు. మరి రికార్డుల్లో పేర్లున్నాయన్న మాట వాళ్ళకీ వర్తిస్తుందా? పైగా ఆ సమాధి ఉన్నది దక్షిణాది సేనాని రాబర్ట్ లీ ఇంటి పక్కనే, తోటలో.

— "బుల్ రన్" పరుగు కాదు సుమా. ఆ ప్రాంతంలో రన్ అంటే వాగు. 1861లో ఒకసారి, 1862లో ఒకసారి అక్కడ యుద్ధం జరిగింది. ఉత్తరాది వాళ్ళు వాగు పేరుతో బుల్ రన్ అన్నారు, దక్షిణాది వాళ్ళు దగ్గరి ఊరి పేరుతో మనాసస్ అన్నారు. కాబట్టి "పొలాలు" కూడా తీసేసి "బుల్ రన్ వాగు దగ్గరి యుద్ధభూమి" అనండి.

— మన కారెంపూడిలో పల్నాటి యుద్ధ వీరుల గుడి, వీర్లగుడి ఉంది కదా, ఆ యుద్ధమూ దాయాదుల పోరే. ఈ రాతిని "వీరగల్లు" (చనిపోయిన వీరుడి గుర్తుగా నిలిపే రాయి) అనకూడదా?

— వీరగల్లు మీద వీరుడి బొమ్మ చెక్కుతారండీ. ఇక్కడ బొమ్మ వేయడానికి ఎవరని వేస్తారు?

అందరికీ థాంక్స్. ఇలా మార్చాను: "ఈ రాతి కింద ఉన్నవి 2,111 మంది సైనికుల ఎముకలు. ఏవి ఎవరివో గుర్తుపట్టలేకపోయారు. పేర్లు మాత్రం దేశపు రికార్డుల్లో ఉన్నాయి." వాగు సంగతి తమ్ముడికి చెప్పాను. మనాసస్ వాడి ఇంటికి అరగంటే. ఇన్నాళ్ళూ అక్కడేవో ఎద్దుల పందేలు జరిగేవనుకున్నాడట.