రాయగడ నుంచి భద్రాచలం బండి మీద: క్లాసిక్ 350కి ఎలాంటి సీటు వేయించాలి?

రాయగడ రైడర్

అందరికీ నమస్తే. నాది రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350, 2021లో వచ్చిన కొత్త మోడల్. ఊళ్ళో తిరగడానికి, ఆదివారం గుణుపురం దాకా వెళ్ళి రావడానికి సీటుతో ఏ ఇబ్బందీ లేదు. కష్టమంతా రెండు గంటలు దాటాకే. విశాఖ వెళ్ళేటప్పుడు కొమరాడ, పార్వతీపురం దాటి బొబ్బిలి వచ్చేసరికి పిర్రలు మంటెక్కిపోతాయి. విజయనగరం చేరేలోపు ఒకచోట కుదురుగా కూర్చోలేక అటూ ఇటూ జరుగుతూ, గుంత కనిపించిన ప్రతిసారీ ఫుట్‌రెస్టుల మీద లేచి నిలబడుతూ నడుపుతాను. వెనక మా ఆవిడ పరిస్థితి ఇంకా దారుణం, దిగాక కాసేపు నడవలేదు.

ఈసారి శ్రీరామనవమికి ఇద్దరం బండి మీదే భద్రాచలం వెళ్దామనుకుంటున్నాం. లక్ష్మీపూర్, కోరాపుట్, జయపురం మీదుగా మల్కనగిరి, అక్కడ రాత్రి ఆగి, పొద్దున్నే మోటు, చింతూరు దాటి భద్రాచలం. చాలా రోజులుగా అనుకుంటున్న మొక్కు, కాబట్టి కారులో వెళ్ళమని మాత్రం చెప్పకండి.

ఇప్పుడు నా ముందు మూడు దారులున్నాయి. కంపెనీవాళ్ళే అమ్మే టూరింగ్ సీటు కొనడం, ఉన్న సీటునే సీట్లు కుట్టేవాళ్ళ దగ్గర స్పాంజి మార్పించడం, లేదా పైన జెల్ ప్యాడో గాలి దిండో వేసుకోవడం. నా ఎత్తు ఐదడుగుల ఐదంగుళాలు. ఇప్పుడున్న 805 మిల్లీమీటర్ల సీటుకే కాళ్ళు అంతంతమాత్రంగా ఆనుతున్నాయి, ఇంకా పైకి లేస్తే టెన్షన్. వాడినవాళ్ళు ఎవరైనా చెప్పండి.

జయపురం బుల్లెట్

అన్నా, ఏ సీటు అని అడిగే ముందు నొప్పి సరిగ్గా ఎక్కడ మొదలవుతోందో చూసుకో. అందరం "సీటు బాలేదు" అని ఒకే మాట అంటాం గానీ, నొప్పి వచ్చే చోటును బట్టి మందు మారిపోతుంది.

చేతులు పిర్రల కింద పెట్టుకుని చెక్క కుర్చీలో కూర్చుంటే రెండు ఎముకలు గట్టిగా తగులుతాయి చూడు, మన బరువంతా వాటి మీదే పడాలి. మంట సరిగ్గా అక్కడే వస్తుంటే సీటులో స్పాంజి నలిగి అడుగున ప్లేటు తగులుతోందని అర్థం, లేదా ఆ రెండు ఎముకలకి సరిపోయేంత వెడల్పు సీటుకి లేదని అర్థం. నడుం చివర ముడ్డిపూస దగ్గర నొప్పి అయితే నువ్వు వెనక్కి జారగిలబడి కూర్చుంటున్నావు. తొడల లోపలి వైపు కోసుకుపోయినట్టు ఉంటే సీటు అంచులు పదునుగా ఉన్నాయి. ముందు వైపు తిమ్మిరెక్కుతుంటే మాత్రం దాన్ని తేలిగ్గా తీసుకోకు, సీటు ట్యాంకు వైపుకి వాలి ఉండడం వల్ల నువ్వు జారిపోయి అక్కడ నరం మీద కూర్చుంటున్నావు. కోరాపుట్ నుంచి మా జయపురం దిగే ఘాట్‌లో బ్రేకు నొక్కిన ప్రతిసారీ ముందుకి జారుతున్నావో లేదో గమనించు, సీటు వాలు ఎంతుందో అక్కడ తెలిసిపోతుంది.

ఇంకో చిన్న పరీక్ష ఉంది, పైసా ఖర్చు లేదు. టీవీయో ఫ్రిజ్జో వచ్చిన డబ్బా అట్ట ముక్క ఒకటి గట్టి బల్ల మీద వేసి, దాని మీద నిటారుగా కూర్చుని మోకాళ్ళు కొంచెం పైకెత్తు. లేచి చూస్తే రెండు గుంటలు పడి ఉంటాయి. వాటి మధ్య దూరం కొలిచి, సీటులో నువ్వు కూర్చునే చోట వెడల్పుతో పోల్చుకో. రెండు గుంటలూ చుట్టూ ఇంకాస్త చోటు మిగిలేలా సీటు మీద పడాలి. మీ ఆవిడతో కూడా చేయించు, ఆడవాళ్ళకి మామూలుగా ఈ దూరం మనకంటే ఎక్కువ ఉంటుంది, వెనక సీటు చూస్తే సన్నం.

సీటు జోలికి పోయే ముందు వెనక షాక్ అబ్జార్బర్లు ఎక్కడ పెట్టి ఉన్నాయో చూడు. ఇద్దరూ, సామానూ ఎక్కినప్పుడు ప్రీలోడ్, అంటే షాక్ స్ప్రింగు బిగువు, ఒకటి రెండు మెట్లు పెంచాలి, మన క్లాసిక్‌కి ఆ సౌకర్యం ఉంది. ఒంటరిగా తిరిగే సెట్టింగులోనే ఇద్దరూ వెళితే గుంత పడ్డప్పుడల్లా షాక్ చివరిదాకా కొట్టుకుని ఆ దెబ్బ నేరుగా వెన్నుకి వస్తుంది, ఎంత మంచి సీటు వేసినా దాన్ని ఆపలేదు. టైర్లలో గాలి కూడా మాన్యువల్‌లో రాసినట్టే కొట్టించు. పంక్చర్ షాపులో అడిగితే "బరువు ఉంది కదా" అని ఎక్కువ కొట్టేస్తారు.

బరంపురం సీట్ల మేస్త్రి

బాబూ, నేను బరంపురంలో సీట్లు కుడతాను, మా నాన్నగారిది కూడా ఇదే పని. పైన తమ్ముడు చెప్పింది నిజం. నా వైపు నుంచి స్పాంజి సంగతి చెబుతాను, ఎందుకంటే ఇక్కడే అందరూ మోసపోతారు.

షాపుకి వచ్చినవాళ్ళు బొటనవేలుతో నొక్కి చూసి "ఇది మెత్తగా ఉంది, ఇదే వెయ్యి" అంటారు. వేలుతో నొక్కితే మెత్తగా ఉండేది డెబ్బై కిలోల మనిషి కూర్చుంటే అరగంటకే అడుగంటుతుంది. ఆ తరువాత మీరు కూర్చునేది స్పాంజి మీద కాదు, ప్లేటు మీద. అందుకే దూరం వెళ్ళేవాళ్ళకి సీటు మొదట్లో కొంచెం గట్టిగా అనిపించాలి. అమెరికాలో కార్బిన్ అనే కంపెనీ సీట్లు వేలకి వేల మైళ్ళు తిరిగేవాళ్ళు కొంటారు, అవి గట్టిగా ఉండడానికే పేరు.

డెన్సిటీ వేరు, గట్టిదనం వేరు. 32 డెన్సిటీ, 40 డెన్సిటీ అని చెప్పేది ఒక ఘనపు మీటరు స్పాంజి ఎన్ని కిలోలు తూగుతుందన్న లెక్క. డెన్సిటీ ఎక్కువ ఉంటే స్పాంజి ఎక్కువ కాలం నలగకుండా ఉంటుంది, అంతే. ఒకే డెన్సిటీలో మెత్తటిదీ ఉంటుంది, గట్టిదీ ఉంటుంది. కాబట్టి షాపులో అంకె ఒక్కటే అడిగి ఊరుకోకండి, ముక్క కింద పెట్టించి దాని మీద మోకాలు ఆన్చి బరువు వేసి కాసేపు ఉండండి. మోకాలికి నేల తగిలితే అది మీకు పనికిరాదు.

నేను చేసే పద్ధతి ఇది. సీటు తిప్పి పిన్నులన్నీ పీకి రెక్జిన్ ఊడదీస్తే పాత స్పాంజి మీద మనిషి కూర్చున్న చోటు కనిపిస్తుంది, రెండు పక్కలా నలిగి, పసుపు రంగు తిరిగి ఉంటుంది, వేలు పెడితే పొడి రాలుతుంది. కొలత అక్కడే తీసుకుంటాను. ఆ మేర కోసేసి, అడుగున ముక్కల్ని అతికించి చేసే బాండెడ్ ఫోమ్ వేస్తాను, అది బరువు మోస్తుంది. దాని మీద అంగుళం మందాన మామూలు మంచి స్పాంజి. ముందు వాలు ఉంటే ట్యాంకు దగ్గర ముక్క వేసి కొంచెం లేపి, కూర్చునే చోటు సమంగా తెస్తాను, అప్పుడు జారడం ఆగుతుంది. అంచులు గ్రైండర్‌తో గుండ్రంగా అరగదీస్తాను.

జెల్ గురించి అడిగారు. జెల్ ముక్క స్పాంజిలో గొయ్యి తీసి, పైన పలచగా స్పాంజి కప్పి వేస్తే బరువును బాగానే పంచుతుంది. పైపైన వేస్తే ఎండలో ఆపిన బండి మీద జెల్ వేడి పట్టి చాలాసేపు వదలదు, మీరు వెళ్ళేది నవమి ఎండల్లో. మెమరీ ఫోమ్ అని ఇంకొకటి చెబుతారు, అది వేడికి మెత్తబడి చలికి గట్టిపడుతుంది. ధనుర్మాసంలో కోరాపుట్ చలికి పొద్దున్నే కూర్చుంటే చెక్కలా ఉంటుంది, మధ్యాహ్నానికి కుంగిపోతుంది. మన వైపు వాతావరణానికి నేను ఎవరికీ వేయను.

కుట్టు సంగతి మరచిపోవద్దు. ఎముకలు ఆనే చోట కుట్టు రాకూడదు, అందానికి డైమండ్ కుట్టు వేయించుకుని తరువాత ఒరుసుకుపోయిందని వస్తారు. కుట్టు ఎన్ని చోట్ల ఉంటే వానకి నీళ్ళు అన్ని చోట్ల దిగుతాయి, అందుకే రెక్జిన్ కింద ఒక పల్చటి పాలిథిన్ షీటు తప్పకుండా వేయమనండి.

శబరి ఒడ్డు

నేను మోటు వాడిని. ఇక్కడ నుంచి భద్రాచలం తరచూ వెళ్ళొస్తుంటాను. గాలి దిండు వాడతాను కాబట్టి దాని గురించే చెబుతాను.

పెద్ద పేరున్నది ఎయిర్‌హాక్. చక్రాల కుర్చీలో కూర్చునేవాళ్ళకి పుండ్లు పడకుండా దిండ్లు చేసే రోహో వాళ్ళ నుంచే అది వచ్చింది. మన దేశంలో అదే తరహాలో తక్కువ ధరవి దొరుకుతున్నాయి. ఏది కొన్నా గాలి ఎంత పెట్టామన్నదే అసలు పని. నిండా ఊది కూర్చుంటే బంతి మీద కూర్చున్నట్టు మలుపుల్లో ఒళ్ళంతా ఊగుతుంది, చాలామంది అక్కడే విసిగి మూలన పడేస్తారు. కొంచెం ఊది, బండి మీద కూర్చున్నాక మూత వదులు చేసి గాలి నెమ్మదిగా వదలండి. ఎముకలు సీటుకి తగలబోతున్నాయి అనిపించగానే మూసేయండి, అర అంగుళం మిగిలితే చాలు. ఎత్తు కూడా పెద్దగా పెరగదు.

పట్టీలు గట్టిగా బిగించండి, లేకపోతే ఘాట్‌లో దిండు పక్కకి జరుగుతుంది. ఎక్కడైనా ఆపితే ఎండలో వదలకండి. మోటు దాటాక శబరి పక్కన చెట్ల నీడ దొరుకుతుంది, గంటకోసారైనా దిగి నాలుగడుగులు వేసి, నీళ్ళు తాగి వెళ్ళండి.

పర్లాకిమిడి టీచర్

మీరంతా ముందు కూర్చునేవాళ్ళ గురించే రాస్తున్నారు. నేను రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళదే మీటియర్ బండి నడుపుతాను, మావారి క్లాసిక్ వెనక కూడా కూర్చుంటాను, రెండు వైపులా తెలుసు.

ముందు మీ ఎత్తు సంగతి. కాలు నేలకి ఆనడానికి సీటు ఎత్తు ఒక్కటే కాదు, ముందు భాగం వెడల్పు కూడా చూడాలి. టూరింగ్ సీట్లు కొన్ని ముందు కూడా వెడల్పుగా ఉంటాయి, తొడలు దూరం జరిగి మడమలు పైకి లేస్తాయి, 805 అని రాసి ఉన్నా అంతకంటే ఎత్తు బండి ఎక్కినట్టే. మీరు వెనక వెడల్పు, ట్యాంకు దగ్గర సన్నం ఉండేదే చూసుకోండి. మేస్త్రిగారు చెప్పినట్టు ముందు లేపేటప్పుడు పక్కలు తగ్గించమని తప్పకుండా చెప్పండి.

ఇక మీ ఆవిడ గురించి. దయచేసి ఆవిడని చీరలో ఒకవైపు కూర్చోబెట్టి అంత దూరం తీసుకెళ్ళకండి. ఒక పిర్ర మీదే బరువు, నడుం మెలిక, పట్టుకోవడానికి ఒక్క చెయ్యి, దిగాక నడవలేకపోతున్నారంటే కారణం అదే అయ్యుండొచ్చు. చుడీదార్ వేసుకుని రెండు వైపులా కాళ్ళు వేసి కూర్చోమనండి, గుడికి వెళ్ళే ముందు భద్రాచలంలో గదిలో చీర మార్చుకోవచ్చు. వెనక సీటు స్పాంజి అంగుళం పెంచితే మోకాళ్ళు అంత మడవక్కర్లేదు, హాయిగా ఉంటుంది. మరీ పెంచితే గాలంతా ఆవిడ ముఖానికి కొడుతుంది, ముందు మనిషికి బండి ఊగుతుంది.

ఇంకో మాట. కొత్త సీటుకో బ్యాక్‌రెస్టుకో అడ్డం వస్తోందని వెనక పట్టుకునే కమ్మీ, చీర గార్డు తీసేయమంటారు కొన్ని షాపుల్లో. ఒప్పుకోకండి. వెనక కూర్చునేవాళ్ళకి పట్టు, ఫుట్‌రెస్టు, బట్టలు చక్రంలో పడకుండా సగం చక్రమైనా కప్పే అడ్డు ఉండాలని మోటారు వాహనాల నిబంధనల్లోనే, 123వ రూలులో, ఉంది. చున్నీ కూడా ముడి వేసి లోపలికి దోపుకోమనండి.

రాయగడ రైడర్

అక్కా, మీరు చెప్పింది చదివి వినిపించాను, మా ఆవిడ "నేను మొదటి నుంచీ అదే అంటున్నాను" అంది. చుడీదార్ ఖాయం.

అట్ట ముక్క పరీక్ష చేశాం. నాకు సీటు వెడల్పు సరిపోతోంది, ఆవిడకి వెనక సీటు అంచుల మీదకి వస్తోంది. ఘాట్‌లో ముందుకి జారడం కూడా నిజమే. ప్రీలోడ్ అడుగు మెట్టులోనే ఉంది, ఇవాళ పెంచాను, ఆ ఒక్క మార్పుకే గుంతల్లో తేడా తెలుస్తోంది. కాబట్టి టూరింగ్ సీటు ఇప్పుడు కొనను, ముందు సీటు వాలు సరిచేయించి, వెనక సీటు వెడల్పు చేయిస్తాను. మేస్త్రిగారూ, వెనక ప్లేటు సన్నమే కదా, దాని మీద వెడల్పు ఎలా వస్తుంది? పండగకి ఎన్నాళ్ళ ముందు చేయించాలి?

బరంపురం సీట్ల మేస్త్రి

ప్లేటు దాటి అటూ ఇటూ ఒక్కో అంగుళం గట్టి స్పాంజి బయటికి రావచ్చు బాబూ, మెత్తటిదైతే వంగిపోతుంది కాబట్టి అక్కడ బాండెడ్ ఫోమే వేయమనండి. అంతకు మించి కావాలంటే ప్లేటుకే పట్టీ కట్టాలి, మీకు అంత అవసరం పడదు. కనీసం నెల ముందు చేయించండి. కొత్త స్పాంజి కొన్నాళ్ళు తిరిగితే గానీ కుదురుకోదు, అప్పుడు ఎక్కడైనా ఎత్తుగా అనిపిస్తే మళ్ళీ విప్పి అరగదీయవచ్చు. అందుకే మొదటిసారి కవరు పిన్నులు దూరం దూరంగా కొట్టమనండి, సరిపోయిందని మీరు చెప్పాకే దగ్గరగా కొట్టించుకోండి. కవరు నలుపు కాకుండా ముదురు గోధుమ రంగు తీసుకుంటే ఎండకి కొంచెం తక్కువ కాలుతుంది. సీటు మళ్ళీ బిగించేటప్పుడు ప్లేటు కింద రబ్బరు బుష్‌లు అన్నీ ఉన్నాయో లేదో మీరే వేలు పెట్టి చూసుకోండి, ఒక్కటి లేకపోయినా సీటు కదులుతూ చప్పుడు చేస్తుంది, లాకు కూడా సరిగ్గా పడదు.