మదింపు, మూల్యాంకనం ఒకటేనా?

సభ్యులకు నమస్కారం. కడపలో డీఎడ్ చదువుతున్న సోదరి ఒకరు మదింపు, మూల్యాంకనం అనే మాటల్లో ఏది రాసినా ఒకటేనా అని అడిగారు. వాడుకలో రెండూ కలిసిపోయాయి గాని, బోధనలో వాటిని విడివిడిగా ఉంచుకోవాలనే నా గట్టి అభిప్రాయం. ఆ రెంటికీ ముందు మాపనం అనే మరో మాట ఉంది.

ఒక పిల్లవాడు 52 లోంచి 27 తీసివేసి 35 అని రాశాడనుకుందాం. ఆ లెక్కకు సున్నా వేయడం మాపనం. ఒకట్ల స్థానంలో 2 లోంచి 7 పోదు కనుక 7 లోంచే 2 తీసేశాడని, పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడం అతనికి ఇంకా పట్టుబడలేదని, పక్కన కూర్చుని అడిగి తెలుసుకోవడం మదింపు. ఏడాది పొడవునా దొరికిన ఇటువంటి ఆధారాలన్నీ కలిపి, ఆ తరగతికి నిర్దేశించిన సామర్థ్యాలను ఎంతవరకు అందుకున్నాడో విలువ కట్టి చెప్పడం మూల్యాంకనం.

మదింపు మన సీమ రైతులకు పాత మాటే. నిజాం నుంచి ఈస్టిండియా కంపెనీకి దక్కిన దత్తమండలాలకు 1800 నుంచి 1807 వరకు ప్రధాన కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పొలాలను కొలిపించి, నేల తరాన్ని బట్టి శిస్తు కట్టించాడు. పొలం విస్తీర్ణం తేల్చడం కొలత. నేల గుణం చూసి అది ఎంత పండగలదో అంచనా కట్టడం మదింపు. తరగతి గదిలోనూ ఆ తేడా అలాగే నిలుస్తుంది.

పాఠం సాగుతుండగానే చేసే నిర్మాణాత్మక మూల్యాంకనం (ఫార్మేటివ్ ఇవాల్యుయేషన్) అన్న పేరుతోనే అసలు చిక్కు వచ్చింది. ఆ భావనకు 1967లో పేరు పెట్టిన మైకేల్ స్క్రివెన్ పాఠ్యప్రణాళికల విలువ కట్టడం గురించి మాట్లాడాడు కనుక అక్కడ మూల్యాంకనం సరైన మాటే. తర్వాత విద్యా మనోవిజ్ఞాన శాస్త్రవేత్త బెంజమిన్ బ్లూమ్ దానిని విద్యార్థుల అభ్యసనానికి అన్వయించాడు. పాఠం నడుస్తుండగానే పిల్లల తడబాటు కనిపెట్టి బోధనను సరిదిద్దుకోవడం దాని ఉద్దేశం కాబట్టి, దానిని నిర్మాణాత్మక మదింపు అనడమే న్యాయం. మూల్యాంకనం అనగానే మార్కులే గుర్తుకొచ్చి, అది మరో చిన్న పరీక్షగా మారిపోతున్నందుకు నాకు బాధగా ఉంది.

పరీక్ష ఎంత మంచిదో చెప్పే సప్రమాణత, విశ్వసనీయత అనే మాటల విషయంలో ఇంత గందరగోళం లేదు. కొలవదలచినదాన్నే కొలిచే పరీక్షకు సప్రమాణత ఉంటుంది. మళ్లీ పెట్టినా ఫలితం నిలకడగా ఉంటే విశ్వసనీయత ఉంటుంది.

సోదరీ, పరీక్షలో పాఠ్యపుస్తకంలోని పదమే రాయండి. బోధనాభ్యాసంలో మీ పాఠ్యపథకం రాసేటప్పుడు మాత్రం మదింపు అనే శీర్షిక కింద మార్కులకు బదులు, ఏ పిల్లవాడు ఎక్కడ ఆగాడో రాసుకోండి.