దొడ్డికాళ్ల వల్ల మోకాలి నొప్పి: ఎముక కోసి సరిచేయించుకోవాలా, ఆగాలా?

ప్రశ్న
నాకు 47 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ దొడ్డికాళ్లే. పాదాలు కలిపి నిలబడితే మోకాళ్ల మధ్య నాలుగు వేళ్లు పడతాయి. ఇన్నాళ్లూ ఏ ఇబ్బందీ లేదు. రెండేళ్లుగా కుడి మోకాలికి లోపలి వైపు నొప్పి, సరిగ్గా ఇక్కడే అని వేలు పెట్టి చూపించగలను. మెట్లు దిగేటప్పుడు మరీ ఎక్కువ. రోజంతా నిలబడి పాఠాలు చెప్పే ఉద్యోగం, సాయంత్రానికి కుంటుతున్నాను.

ఒక డాక్టరు ఎక్స్‌రే చూసి, "గుజ్జు లోపలి వైపే అరిగింది, బయటి వైపు బాగుంది. ఎముక కోసి కాలు నిటారు చేద్దాం" అన్నారు. ఇంకొకరు, "ఇప్పుడేమీ వద్దు, మాత్రలు వాడండి, అరవై దాటాక మోకాలు మార్చేద్దాం" అన్నారు. అన్నేళ్లు మాత్రలతో నెట్టుకురావాలా? ఎముక కోయడమంటే అంతకన్నా భయం. చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ప్లీజ్.

జవాబు 1
నావీ ఇలాంటి కాళ్లే. షూలో బయటి అంచు ఎత్తుగా ఉండే సోల్ ఏడాది వాడాను. నాకు పెద్దగా తేడా తెలియలేదు. లోపలి వైపు భారం తగ్గించే బ్రేస్ (మోకాలికి కట్టుకునే గట్టి పట్టీ) మాత్రం నడిచేటప్పుడు పనిచేసింది, కానీ ఎక్కువసేపు కట్టుకుని ఉండలేం.

జవాబు 2
మీ భయం నాకు బాగా తెలుసండీ. 49వ ఏట ఎడమ కాలికి ఆస్టియోటమీ, అంటే మీకు చెప్పిన ఎముక కోసి కాలు నిటారు చేసే ఆపరేషనే, చేయించుకున్నాను. దానికి ముందు ఆరు నెలలు నిద్రపట్టేది కాదు.

ముందు ఒక మాట. మీకు తీసింది మోకాలి ఎక్స్‌రే ఒక్కటేనా? నిలబెట్టి, తుంటి నుంచి చీలమండ దాకా కాలంతా కనిపించేలా తీయించారా? తుంటి కీలు మధ్య నుంచి చీలమండ మధ్యకు గీత గీస్తే అది దాదాపు మోకాలి మధ్యగా పోవాలి. దొడ్డికాళ్లలో లోపలికి జరుగుతుంది, అడుగు వేసిన ప్రతిసారీ బరువు అటే పడుతుంది. ఎంత జరిగిందో కొలవకుండా ఎవరూ ఏదీ తేల్చకూడదని నా అభిప్రాయం.

నాకు మోకాలి కింది ఎముకను లోపలి వైపు నుంచి కోశారు. బయటి అంచు తెగకుండా వదిలి, కోత కొద్దిగా తెరిచి ప్లేటు, స్క్రూలు వేశారు. ఆరు వారాలు ఆ కాలిమీద పూర్తి బరువు వేయనివ్వలేదు. ఆ ఆరు వారాలే కష్టం, స్నానానికి కూడా మనిషి తోడు కావాలి. నాలుగో నెలలో మళ్లీ ఉద్యోగంలో నిలబడ్డాను. ఏడాదిన్నరకు ప్లేటు చర్మం కింద గుచ్చుతోందని తీసేశారు. ఇప్పుడు నొప్పి పూర్తిగా పోయిందనను, మెట్లు మాత్రం రెయిలింగ్ పట్టుకోకుండా దిగుతున్నాను. మోకాలు నాదే. రేపు మార్చాల్సి వచ్చినా ఆ దారి మూసుకుపోలేదు.

రిస్కులూ అడగండి: ఎముక ఆలస్యంగా అతుక్కోవడం, ఇన్ఫెక్షన్, కాలి సిరలో రక్తం గడ్డకట్టడం. పొగతాగే అలవాటుంటే ముందే మానాలి, లేకపోతే ఎముక సరిగా అతకకపోయే ప్రమాదం ఎక్కువ.

జవాబు 3
నేను ఫిజియోథెరపిస్టుని. పెద్దవాళ్ల ఎముక వంకర వ్యాయామంతో గానీ మసాజ్‌తో గానీ పోదు, పోతుందని చెప్పేవాళ్లను నమ్మకండి. కానీ తొడ ముందు కండరం, తుంటి పక్క కండరం గట్టిపడితే నొప్పి చాలామందికి తగ్గుతుంది. మూడు నెలలు మానకుండా చేయాలి. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే అడుగు అడుగుకీ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. మాత్రలు ఏళ్ల తరబడి వేసుకుంటే కడుపు, కిడ్నీలు దెబ్బతినవచ్చు. ముందు నొప్పి తగ్గించే జెల్ సంగతి డాక్టర్ని అడగండి. వ్యాయామం వృథా కాదు, తర్వాత ఆపరేషన్ చేయించుకున్నా ఆ కండరమే మిమ్మల్ని త్వరగా నిలబెడుతుంది.

ప్రశ్న అడిగినవారు
నాకు మోకాలి ఎక్స్‌రే ఒక్కటే తీశారండీ, అదీ పడుకోబెట్టి! నిలబెట్టి తీయాలని ఎవరూ చెప్పలేదు. సోమవారం పూర్తి కాలు ఎక్స్‌రే తీయించుకుంటాను, వ్యాయామాలు ఈ రోజే మొదలుపెడతాను. మూడు నెలల్లో బయటి వైపు కూడా అరిగిపోయి, ఆపరేషన్‌కు ఆలస్యమవుతుందా?

జవాబు 2
మూడు నెలలకు అంత మారిపోదండీ. మా డాక్టరు నన్ను ఆరు నెలలు ఆపారు. ఎక్స్‌రేలో గీత ఎక్కడ పడిందో మాత్రం ఇక్కడ తప్పకుండా చెప్పండి.