టమాటా శాండ్‌విచ్‌కి ఒక యాప్ 170 కేలరీలంటోంది, ఇంకోటి 370. ఏది నిజం?

ఉదయం_టిఫిన్:
రెండు స్లైసుల తెల్ల బ్రెడ్, ఒక టమాటా, కొంచెం బటర్, ఉప్పు, మిరియాల పొడి. ఇంతకు మించి ఏమీ వెయ్యట్లేదు. ఒక యాప్‌లో కొడితే 170 కేలరీలు వచ్చింది, ఇంకోదాంట్లో 370. ఏది నమ్మాలి? ఇంట్లో బీపీ ఉన్న పెద్దాయన కూడా తింటారు కాబట్టి సోడియం సంగతి కూడా చెప్పండి. ఇంకో విషయం, పొద్దున ఏడింటికి బాక్సులో పెడితే మధ్యాహ్నానికి బ్రెడ్ ముద్దయిపోతోంది. దీనికేమైనా మార్గం ఉందా?

తూకంరాయి:
రెండూ తప్పు కాదండీ, వేర్వేరు శాండ్‌విచ్‌ల లెక్కలవి. 170 అంటే బ్రెడ్డూ టమాటా మాత్రమే. 370 బహుశా అమెరికా దక్షిణాది రాష్ట్రాల రకం అయ్యుంటుంది. అక్కడ టమాటా శాండ్‌విచ్‌కి బటర్ కాదు, మయొనైజ్ దండిగా పట్టిస్తారు. గుడ్డుతో చేసిన మామూలు మయొనైజ్ పెద్ద చెంచాడు (15 గ్రా.) సుమారు 100 కేలరీలు. రెండు చెంచాలు పడితే 200 అక్కడికే అయిపోయాయి.

మీ శాండ్‌విచ్ సంగతికొస్తే, తెల్ల బ్రెడ్ 100 గ్రాములకు 250–265 కేలరీలు ఉంటుంది. స్లైసు 30 గ్రా. అనుకుంటే రెండిటికీ దాదాపు 155. అర సెంటీమీటరు మందాన కోసిన నాలుగు టమాటా చక్రాలు 80 గ్రా. తూగితే వాటికి 14, అంతే. టమాటాలో వందకి తొంభై నాలుగు పాళ్ళు నీళ్ళే కదా. బటర్ 10 గ్రా. (రెండు టీ స్పూన్లు) 72. మొత్తం 240 కేలరీలు. అందులో పిండిపదార్థం 32 గ్రా., కొవ్వు 10 గ్రా. (సగం సాచురేటెడ్), ప్రొటీన్ 6 గ్రా., పీచు రెండున్నర గ్రాములు. పేరు టమాటాదే గానీ కేలరీలన్నీ బ్రెడ్డువీ బటర్‌వీ.

యాప్ వాడేటప్పుడు ‘ఒక స్లైసు’ అని కొట్టకండి. స్లైసు 22 గ్రాముల నుంచి 40 దాకా దొరుకుతోంది, తేడా అంతా అక్కడే వస్తుంది. ప్యాకెట్ బరువుని స్లైసుల సంఖ్యతో భాగిస్తే మీ స్లైసు బరువు తెలిసిపోతుంది. టోస్ట్ చేసేటట్లయితే ముందే తూచండి. కాల్చాక నీరు పోయి బరువు తగ్గుతుంది గానీ కేలరీలు తగ్గవు.

పల్లీచట్నీ:
సోడియం దగ్గర చాలామంది పైన చల్లే ఉప్పునే చూస్తారు. బ్రెడ్డులోనే 100 గ్రాములకు 400–500 మిల్లీగ్రాములు ఉంటుంది, తియ్యగా ఉండటం వల్ల నాలుకకి తెలియదు. రెండు స్లైసులకు 270 అనుకోండి. సాల్టెడ్ బటర్ పది గ్రాములకు 75. పైన చల్లే రెండు చిటికెలు (అర గ్రాము ఉప్పు) ఇంకో 200. మొత్తం 550 దగ్గరికొచ్చింది, ఉప్పు లెక్కలో 1.4 గ్రా. ప్రపంచ ఆరోగ్య సంస్థ రోజంతటికీ చెప్పిన హద్దు 5 గ్రా. ఒక్క టిఫిన్‌కే పావు వంతు దాటింది.

తగ్గించాలంటే బటర్ బదులు ఇంట్లో తీసిన వెన్న రాయండి, అందులో ఉప్పుండదు. చల్లే ఉప్పు ఒక చిటికెకు తగ్గించి మిరియాలు, రెండు చుక్కల నిమ్మరసం పెంచండి. అలా చేస్తే సోడియం 370 మిల్లీగ్రాముల దగ్గర ఆగుతుంది. చీజ్ స్లైసు మాత్రం జోడించకండి. ప్రొటీన్ 4 గ్రాములు వస్తుంది నిజమే, దాంతోపాటు 250 మిల్లీగ్రాముల పైన సోడియం కూడా వచ్చిపడుతుంది.

ఉదయం_టిఫిన్:
థ్యాంక్సండీ. అయితే బ్రౌన్ బ్రెడ్‌కి మారితే మేలా? ప్రొటీన్ 6 గ్రా. అంటే మరీ తక్కువ కదా?

తూకంరాయి:
రంగు చూసి కొనకండి. కారమెల్ రంగు వేసిన మైదా కూడా గోధుమరంగులోనే ఉంటుంది. ప్యాకెట్ వెనక పదార్థాలు ఎక్కువ బరువున్నది ముందు వచ్చేలా రాస్తారు. మొదటి పేరు గోధుమ పిండి (ఆటా) అయి, పక్కన శాతం కూడా ఉంటే అది సరైనది. రిఫైన్డ్ వీట్ ఫ్లోర్ అని మొదలైతే అది మైదా. అసలైన ఆటా బ్రెడ్‌లో కూడా కేలరీలు పెద్దగా తగ్గవు, పీచు మాత్రం రెట్టింపు పైనే ఉంటుంది. సోడియం ఏమీ మారదు.

ప్రొటీన్‌కి సులువైనది ఉడికించిన గుడ్డు, చక్రాలుగా కోసి పెట్టండి: 75 కేలరీలకు 6 గ్రా. గుడ్డు తినకపోతే 40 గ్రా. పనీర్, ఏడు గ్రాముల పైన వస్తుంది, కేలరీలు 110–120. వేయించిన పల్లీలు 15 గ్రా. గట్టిగా చట్నీ నూరి రాస్తే 4 గ్రా. ప్రొటీన్, 85 కేలరీలు. అప్పుడు బటర్ మానేయొచ్చు, పల్లీలోనే 7 గ్రా. కొవ్వు ఉంది.

మదనపల్లె_గంప:
టమాటాని మరీ తీసిపారేస్తున్నారు! ఆ 80 గ్రాముల్లో విటమిన్ సి 10 మిల్లీగ్రాముల పైన, పొటాషియం 190, టమాటాకి ఎరుపునిచ్చే లైకోపీన్ 2 మిల్లీగ్రాముల దాకా ఉంటాయి. లైకోపీన్ కొవ్వులో కరిగేది కాబట్టి బటరో పల్లీయో ఏదో ఒకటి ఉండాలి. ఒట్టి బ్రెడ్డూ టమాటా తింటే అందులో ఎక్కువ భాగం ఒంటికి పట్టదు. గ్రిల్ చేస్తే లైకోపీన్ ఇంకా బాగా అందుతుంది గానీ విటమిన్ సి కొంత పోతుంది. రెండూ ఒకేసారి దక్కవు.

అంకెలు సొంతంగా చూసుకోవాలంటే హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార పట్టికలు ఉన్నాయి. హైబ్రిడ్ టమాటాకీ నాటు టమాటాకీ విడివిడిగా ఇచ్చారు. శక్తి కిలోజౌళ్ళలో ఉంటుంది, 4.184తో భాగిస్తే కేలరీలు. ఎక్కువగా పచ్చి సరుకులే కాబట్టి బ్రెడ్‌కి మాత్రం లేబులే దిక్కు.

ఇక ముద్దవడం సంగతి. ఉప్పు తగిలిన టమాటా నీరు వదులుతుంది, ఆ నీటిని బ్రెడ్ పీల్చేసుకుంటుంది. మీరు పొద్దున్నే ఉప్పు చల్లి మూస్తున్నారు, ఐదు గంటలు ఆగుతుందా! ఉప్పూ మిరియాలూ చిన్న పొట్లంలో విడిగా పంపండి. నాటు టమాటా పులుపు బాగుంటుంది, పప్పుకీ చారుకీ అదే కావాలి. శాండ్‌విచ్‌కి మాత్రం గట్టి హైబ్రిడ్ కాయే మేలు, కండ ఎక్కువ, రసం తక్కువ. కోసిన చక్రాలను పొడి గుడ్డ మీద పది నిమిషాలు పరచండి. గింజల జిగురు తీసేస్తే ఇంకా పొడిగా ఉంటుంది గానీ రుచి చాలావరకు అందులోనే ఉంది, నేనైతే తియ్యను. బటర్‌ని మెత్తబడనిచ్చి రెండు స్లైసులకూ లోపలి వైపు అంచుల దాకా పల్చగా రాయాలి, నడుమ ముద్దగా పెడితే పక్కల నుంచి నీరు దిగుతుంది. టోస్ట్ చేస్తే జల్లెడ మీద పూర్తిగా ఆరనిచ్చాకే మూత పెట్టండి. వేడిగా మూస్తే ఆవిరికే మెత్తబడిపోతుంది, అందులో టమాటా తప్పేమీ లేదు.

ఉదయం_టిఫిన్:
ఉప్పు విడిగా పెట్టడం రేపటి నుంచే. పెద్దాయనకి ఆ పొట్లంలో లో సోడియం ఉప్పు పెట్టొచ్చా?

పల్లీచట్నీ:
డాక్టర్ని అడగకుండా వద్దు. అందులో సోడియం బదులు కొంత పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్ళకీ, టెల్మిసార్టాన్, రామిప్రిల్, స్పైరోనోలాక్టోన్ లాంటి బీపీ మాత్రలు వాడేవాళ్ళకీ రక్తంలో పొటాషియం పెరిగే ప్రమాదం ఉంది. ఆయన మాత్రల పేర్లు రాసుకెళ్ళి అడగండి. అప్పటిదాకా మామూలు ఉప్పే, ఒక్క చిటికె.