రొయ్యల గ్రూపులో వచ్చే పొట్టి మాటలు నాన్నకు ఎలా నేర్పాలి?

అందరికీ నమస్కారం. మాది భీమవరం దగ్గర ఉండి వైపు. నాన్న వనామి రకం రొయ్యల చెరువులు చేస్తారు. ఇప్పుడు చెరువు సంగతులన్నీ వాట్సాప్ గ్రూపులోనే.

పని మాటలు ఆయనకు కొట్టిన పిండి. డీఓ అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, డీఓసీ అంటే చెరువులో సీడ్ (రొయ్య పిల్లలు) వదిలాక గడిచిన రోజులు, కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు. చిక్కల్లా వాటి మధ్యలో కుర్రాళ్లు రాసే చాటింగ్ మాటలతోనే. 'పీఎల్' అని చూస్తే నాన్నకు రొయ్య పిల్లలే (పోస్ట్ లార్వా) గుర్తొస్తాయి, రాసినవాడి ఉద్దేశం 'ప్లీజ్'. మొన్న తెల్లవారుజామున 'డీఓ 3, ఏరేటర్స్ ఏఎస్ఏపీ' అని మెసేజ్ వచ్చింది. ఏరేటర్స్ అంటే నీళ్లలో గాలి కలిపే యంత్రాలు, అవి ఆయనకు తెలుసు. ఏఎస్ఏపీ అంటే వెంటనే అని తెలియక, ఏదో కొత్త మందేమో అనుకుని నాకు ఫోన్ చేశారు. ఆ వేళ ఆక్సిజన్ పడిపోతే రొయ్యలు పైకి తేలిపోతాయి, ఆలస్యమైతే పంటే పోతుంది. అప్పట్నుంచీ నాకు ఒకటే టెన్షన్.

బీఆర్‌బీ అంటే ఇప్పుడే వస్తా, టీటీవైఎల్ అంటే తర్వాత మాట్లాడతా, ఎన్‌పీ అంటే పర్లేదు. ఇవి చెప్పేశాను. 'ఎన్‌ఎం' దగ్గరే ఆగిపోయాను. 'వదిలెయ్' అనీ వాడతారు, 'ఏం లేదు' అనీ వాడతారు. ఏదో ఎలా పోల్చుకోవాలి? ఉత్త 'కె' అని జవాబిస్తే విసుగనుకోవాలా, సరే అనుకోవాలా? నాన్న దానికి నిజంగా బాధపడుతున్నారు.

ఇంకొకటి. అర్జంటువి తెలుగులోనో వాయిస్‌లోనో పెట్టమని గ్రూపులో ఎవరూ నొచ్చుకోకుండా ఎలా అడగాలి? ఆక్వా గ్రూపుల్లో ఇలా రెండర్థాలొచ్చే మాటలు మీకు ఇంకేమైనా ఎదురైతే రాయండి. చెరువు షెడ్డులో అతికించడానికి పెద్దక్షరాలతో చార్టు రాస్తున్నాను.